ఇంటి విలువ - ఇంటివారి గుట్టు

అనంతపురము సీమలో ఇల్లన్నది తల దాచుకొను చోటు మాత్రమే కాదు; కరవునాటి కడపటి ఆధారము కూడ. ఈ మెట్టభూమిలో సాలుకు పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును అదనుకు పడునన్న నమ్మకము లేదు. వేరుసెనగ చేతికి రాని యేట, పొలమును ఇదివరకే తనఖా పెట్టిన రైతు పెట్టెలోనుండి ఇంటి దస్తావేజు తీయును. అప్పిచ్చు బ్యాంకు ఆ ఇంటి విలువ కట్టుటకు ఒక నిపుణుని పంపును. ఆయన గోడలు కొలుచును, మిద్దె పరీక్షించును, ఫొటోలు తీసికొనును. గంటసేపటిలో ఆయన పని ముగియును. కాని ఆ గంటలో ఆయన కంటబడునవి గోడలును దూలములును మాత్రమే కావు.

పడసాలలో మంచము పట్టిన ముసలివాడు కనబడును. గూటిలో మందుసీసాలు కనబడును. అన్నదమ్ములు వేరుపడినచో ఒకే కప్పు క్రింద రెండు పొయ్యిలు కనబడును. కూలికై బెంగుళూరు పోయిన కొడుకు గదికి వేసిన తాళము కనబడును. వీనిలో దేనిని నివేదికలో వ్రాయవలెను? దేనిని చూచియు చూడనట్లు ఊరకుండవలెను? ఈ ప్రశ్ననే నేడు విచారింతము.

ఈ చిక్కు నేటిది కాదు. గోపుడను ఉద్యోగి ఇంటింటి స్త్రీపురుషుల సంఖ్యతోపాటు వారి నడవడిని, ఆదాయవ్యయములను గూడ లెక్క కెక్కింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. పిమ్మట 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొని, పొలములు కొలిపించి శిస్తు కట్టించెను. ఆ కాలమున మొహతర్ఫా అను పన్ను ఒకటి యుండెడిది. దానిని ఇండ్లమీద, అంగళ్లమీద, మగ్గములమీద విధించెడివారు. నేతగాని మగ్గము అతని నట్టింటనే యుండును గదా! మగ్గము లెక్కింపవలెనన్నచో నట్టింట కాలు పెట్టవలసినదే.

ఆ పన్ను ఏనాడో పోయినది. మగ్గము మాత్రము నట్టింటనే యున్నది. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ధర్మవరమున నేటికిని ఎన్నో ఇండ్లలో పట్టుచీరలు నేయుచున్నారు. అట్టి ఇంటికి విలువ కట్టువాడు నేలలో మగ్గపు గుంట త్రవ్వబడినదని వ్రాయవచ్చును. గుంటలో తేమ ఊరి పునాదిని చెఱచుచున్నయెడల తప్పక వ్రాయవలెను. కాని మగ్గముమీది చీర ఏ షావుకారుదో, అతనివద్ద నేతగాడు ముందుగా ఎంత సొమ్ము తీసికొనెనో, ఆ వారము మగ్గము ఏల ఆగెనో వ్రాయుట ఆయన పని కాదు.

ఇందులకు ఒక సులువైన కొలబద్ద కలదు. ఇంటివారు రేపు మూటాముల్లె సర్దుకొని వెడలిపోయిరనుకొందము. అప్పుడు ఇంటితో నిలిచిపోవునది ఏదో, అది నివేదికకు సంబంధించినది. వారి వెంట పోవునది వారిది. మట్టిమిద్దె కారుట, కప్పు బండ పగులుట, ప్రహరీ ప్రక్కవాని స్థలములోనికి జరుగుట, పెరటి బోరు ఎండుట, ఇవి ఇంటితో నిలుచును. రోగము, కులము, మతము, వండుకొను వంట, కొలుచు దైవము, వచ్చిపోవు చుట్టములు, ఇవి మనుష్యులతో పోవును. ఇంట రెండు కుటుంబములు కాపురమున్నవనియు, రెండవవారు ఫలానా హక్కుతో ఉన్నారనియు వ్రాయుట న్యాయము. హక్కు ఇంటిని అంటియుండును. అన్నదమ్ములు ఏల మాటలాడుకొనుట లేదో వ్రాయుట అన్యాయము.

మనుష్యులను గోడలతో కలిపి విలువ కట్టినచో ఏమగునో అమెరికా చరిత్ర చెప్పుచున్నది. అక్కడ 1933లో ఇండ్ల యజమానులకు ఋణమిచ్చు ప్రభుత్వసంస్థ యొకటి ఏర్పడెను. అది తయారుచేయించిన పత్రములలో ఒక్కొక్క పేటలో నల్లజాతివారు, పరదేశమునుండి వచ్చినవారు ఏపాటి ఉన్నారో వ్రాయించి, పటములలో కొన్ని పేటలకు ఎఱ్ఱరంగు పూయించెను. అట్టి పేటలు అప్పునకు అపాయకరములని ముద్ర పడెను. గోడ ఎంత గట్టిదైనను, లోన నున్నవాని జాతి దాని విలువను దిగజార్చెను. గృహవిషయమున ఇట్టి వివక్షను నిషేధించుచు 1968లో అక్కడ చట్టము చేయవలసివచ్చెను.

మన శాసనములలో ఇంటి మర్యాదకు చోటు లేకపోలేదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టము ప్రకారము గణకుని ఇంటిలోనికి రానీయవలెను. అయితే దేశాచారమునుబట్టి యుక్తమైనంత మేరకే. ఇంటి ఆడవారి పేరు చెప్పుమని ఎవరిని నిర్బంధింపరాదు. భర్త పేరు పలుకని ఆచారముగల స్త్రీ ఆ పేరు చెప్పనక్కరలేదు. గణకుడు వ్రాసికొన్న వివరములు, ఆ చట్టము క్రింది నేరములకు తప్ప, కోర్టులో సాక్ష్యముగా చెల్లవు.

బ్యాంకు వ్యవహారమునకు మరింత దగ్గరి తీర్పు ఆంధ్రప్రదేశ్ చట్టమునుండియే పుట్టినది. 1986లో స్టాంపుల చట్టమునకు చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన యే వ్యక్తియైనను లోనికి వచ్చి దస్తావేజులు తనిఖీ చేయుటకు వీలు కల్పించెను. వివాదము కెనరా బ్యాంకు వ్యాజ్యముగా సుప్రీంకోర్టుకు చేరెను. 2004లో ఆ న్యాయస్థానము ఆ సవరణ చెల్లదనెను. ఏకాంతహక్కు స్థలమునకు గాక మనుష్యునకు చెందినదనియు, కాగితములు బ్యాంకు చేతికి పోయినంతమాత్రమున ఆ హక్కు నశింపదనియు వివరించెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతహక్కు ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగా ప్రకటించెను.

అయినను ఒక లోపము మిగిలినది. కంపెనీల చట్టము క్రింద నమోదైన విలువ నిర్ణేతలు రహస్యములను బయటపెట్టరాదని 2017 నాటి నియమావళి శాసించుచున్నది. కాని ఆ నియమము ముఖ్యముగా పని అప్పగించినవారిని కాపాడునది. బ్యాంకు పంపినవానికి బ్యాంకే కక్షిదారు. ఇంటిలోని అద్దెకాపు కాడు. అద్దెకాపు ఏ కాగితముమీదను సంతకము చేయలేదు, ఆ అప్పులో కాసైనను ముట్టలేదు. అయినను అతని వంటయిల్లు ఫోనులోని బొమ్మయై ఎందరి చేతులలోనికో పోవును. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకై 2023లో చట్టము చేయబడినది. కాని లోనికి వచ్చినవాని మర్యాద లేనిదే చట్టము ఒక్కటే చాలదు.

అప్పు తీర్చగల శక్తి తెలిసికొనవలదా యని బ్యాంకువారు అడుగవచ్చును. తెలిసికొనవలసినదే. దానిని అప్పు కోరినవానినే ఎదుట కూర్చుండబెట్టి అడుగవలెను. గోడ కొలుచు నెపముతో ఇల్లు వెదకింపరాదు. ఇక ఘోరమైన నేరమే కంటబడినచో? హత్య, దోపిడి వంటి కొన్ని నేరముల సంగతి ఎఱిగినవారు పోలీసులకుగాని మేజిస్ట్రేటునకుగాని తెల్పవలెనని 2023 నాటి నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. ఆ మాట చేరవలసినది ఠాణాకు, విలువపత్రములోనికి కాదు.

కావున విలువ కట్టవచ్చువారు ముందురోజే కబురు పంపుట మేలు. ఏమి చూతురో, ఏమి వ్రాయుదురో గడపవద్దనే చెప్పవలెను. ఇల్లాలిని అడుగనిదే వంటయింటిలోనికి, దేవుని గదిలోనికి పోరాదు. ఫొటో తీయునప్పుడు మనుష్యులు, మందులు, బట్టలు అందులో పడకుండ చూచుకొని, తీసిన పిదప ఇంటివారికి చూపవలెను. ఇంటివారును పగిలిన గోడను పరదాతో కప్పరాదు. గోడ సంగతి తెలిసికొను హక్కు అప్పిచ్చువానికి కలదు.

ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దలు ఊరక అనలేదు. కరవుచే పంట పోయినవానికి, అప్పుచే పొలము పోయినవానికి, మిగులునది నలుగురిలో పరువు. ఇంటి విలువ కట్టవచ్చినవాడు ఆ పరువునకు విలువ కట్టకుండ తిరిగిపోవుటయే న్యాయము.