ఆటలో పలికిన మాట నోట నిలుస్తుంది
(గుత్తిలో తండా యువతీ యువకులతో చేసిన ప్రసంగం)



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సేవాలాల్ మహరాజ్ పుట్టిన నేలగా మనం కొలిచే సేవాగఢ్ ఈ గుత్తి పక్కనే ఉంది. ఇక్కడ నిలబడి మన పిల్లల ఇంగ్లిష్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన పిల్లలకు ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు. ఇంగ్లిష్ మూడో భాష. అమ్మానాన్నలు సుగ్గికి పోతే కొన్నాళ్లు బడే ఉండదు. తిరిగొచ్చాక, తప్పు మాట్లాడితే నవ్వుతారని నోరు విప్పరు. సూత్రాలు బట్టీ పట్టిస్తే ఆ బెరుకు పోదు. ఆటలోనైతే తప్పినా మళ్లీ వంతు వస్తుంది. అందుకే పైసా ఖర్చు లేని మూడు ఆటలు చెబుతాను.

మొదటిది వరుస ఆట. పాత క్యాలెండర్ కాగితాల వెనక ‘సీత’, ‘ఈట్’, ‘ఎస్’, ‘మ్యాంగోస్’ అని ఇంగ్లిష్‌లో పెద్దగా రాసి, తలా ఒకటి ఇవ్వండి. గోర్‌బోలిలోనూ తెలుగులోనూ క్రియ చివర వస్తుంది. ముందు అలాగే నిలబెట్టి, ‘ఇంగ్లిష్’ అని కేకేయండి. ‘ఈట్’, ‘ఎస్’ పట్టుకున్నవాళ్లు మధ్యలోకి పరిగెత్తాలి. ఇప్పుడు ప్రశ్న చేయండి. ‘డజ్’ వచ్చి ముందు నిలబడగానే ‘ఎస్’ వరుసలోంచి తప్పుకోవాలి.

రెండోది బంతి ఆట. గుండ్రంగా నిలబడి, ఒకరు ‘షి’ అంటూ బంతి విసరాలి. పట్టుకున్నవారు ‘షి గోస్’ అనాలి. ‘దే’ అంటే ‘దే గో’.

మూడోది సంత ఆట. ఒకరు ‘ఐ బాట్ ఆనియన్స్’ అంటారు. పక్కవారు అది చెప్పి, ఇంకో సరుకు కలుపుతారు. మధ్యలో ‘వాట్ డిడ్ యు బై?’ అని అడగాలి. ‘డిడ్’ వస్తే ‘బాట్’ మళ్లీ ‘బై’ అవుతుందని అడిగి అడిగి వాళ్లకే తెలుస్తుంది.

ఆడించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముందు రెండు ఉదాహరణలు బోర్డు మీద చూపించండి. ఓడినవాళ్లను పక్కన కూర్చోబెట్టకండి. తడబడే పిల్లకే ఎక్కువ వంతులు కావాలి. మాట మధ్యలో ఆపి దిద్దకండి. ఎక్కువమంది చేసిన తప్పులు రెండు మూడు గుర్తుపెట్టుకుని, ఆట అయ్యాక బోర్డు మీద రాసి వాళ్లతోనే దిద్దించండి. చివర ఐదు వాక్యాలు నోటుబుక్కులో రాయించండి. ఆట ఒక్కటే చాలదు, రాత కూడా ఉండాలి.

ఇంకో మాట. అర్థం కాకపోతే గోర్‌బోలిలో చెప్పండి. సొంత లిపి లేదు గానీ మన భాషకూ వ్యాకరణం ఉంది. ‘ఇది మనమెలా అంటాం?’ అని అడిగితే పిల్లలకు తేడా ఇట్టే పట్టుబడుతుంది, ఇంటి భాష మీద చిన్నచూపూ పోతుంది.

డిగ్రీలు చదివి తండాలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వారానికి మూడు సాయంత్రాలు, అరగంట చొప్పున ఇవ్వండి. వేపచెట్టు నీడ, సుద్దముక్క, బంతి చాలు. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలను ముందు పిలవండి.

సెలవు. జై సేవాలాల్.