చుక్కల గుమాస్తా



డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు తప్ప ఏదైనా సరదాగా మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. ఆ రెండూ తీసేస్తే మనకు మిగిలేది ఆకాశమే కనుక దాని గురించే చెబుతాను. సర్వీసులో ఉండగా మా సెక్షనులో నన్ను 'చుక్కల గుమాస్తా' అనేవారు.

ఎనభైలలో పండగ అడ్వాన్సుకు చీటీ డబ్బు కలిపి బ్లాక్ అండ్ వైట్ టి.వి. కొన్నాను. దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' వచ్చేది. అమెరికాలో 1966 నుంచి 1969 దాకా నడిచిన సీరియల్ మన ఇళ్ళకు చేరడానికి అన్నేళ్ళు పట్టింది. మన పే రివిజన్ల సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. అందులో స్పాక్ అని మొనదేలిన చెవుల అధికారి ఒకడు. మా పెద్దవాడు అట్టముక్కలతో అలాంటి చెవులు చేసి, అన్నం మెతుకులతో అంటించుకుని బడికి వెళ్ళాడు. హెడ్మాస్టరుగారు నన్ను పిలిపించి, "మీరు గవర్నమెంటు ఉద్యోగే కదండీ?" అని అడిగారు.

ఎర్రచొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగినవాడు కథ ముగిసేలోగా పోతాడని ఆ సీరియల్ అభిమానుల్లో ఒక హాస్యం ఉంది. మా టి.వి.లో అందరి చొక్కాలూ బూడిదరంగే. ఎవడు పోతాడో తెలియక మా ఆవిడ ప్రతివాడి కోసమూ కంగారుపడేది.

ఆ అభిమానులు మనవంటివాళ్ళే సుమండీ. అర్జీలు పెట్టడంలో దిట్టలు. సీరియల్ ఆపేస్తారన్న భయంతో ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, 1968లో మూడో ఏడాదికి పొడిగింపు సాధించారు. 1976లో మళ్ళీ ఉత్తరాలు రాసి, మొదటి స్పేస్ షటిల్‌కు ఆ సీరియల్లోని ఓడ పేరు 'ఎంటర్‌ప్రైజ్' పెట్టించారు. తీరా ఆ షటిల్‌ను గాలిలో పరీక్షలకే వాడారు, అంతరిక్షానికి పంపనే లేదు. అర్జీ మంజూరైంది గాని అమలు కాలేదన్నమాట.

తరువాత వచ్చింది కార్ల్ సేగన్ గారి 'కాస్మాస్'. 1980లో అమెరికాలో ప్రసారమైన 13 భాగాల కార్యక్రమం. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. నోటుబుక్కు పెట్టుకుని అంకెలు మాత్రం రాసుకునేవాణ్ణి. అంగారకుడు కూడా మా ఇంట్లో బూడిదరంగే. "ఎర్రగా ఉంటాడర్రా" అని నేనే పక్కనుంచి చెప్పాలి.

అప్పటికి మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. 1984లో గ్రామ కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక ఊరు వదిలి వచ్చారు. ముప్పై ఏళ్ళు అడంగళ్ళు రాసిన చేతికి పని లేకుండా పోయింది. ఎవరితోనూ మాట లేదు. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, తిని లేచేవారు. టి.వి. పెట్టగానే కుర్చీ వరండాలోకి జరుపుకునేవారు. ఇల్లు మారినందుకు కోపమో, అప్పు చేసి ఆ పెట్టె కొన్నందుకు కోపమో నాకు తెలిసేది కాదు. అడిగే ధైర్యమూ లేదు.

పదో భాగంలో సేగన్ తమిళనాడు వచ్చాడు. పొంగల్ పండగ, నటరాజ విగ్రహం చూపించాడు. బ్రహ్మకు ఒక పగలూ రాత్రీ కలిపి 8.64 బిలియన్ సంవత్సరాలని చెప్పాడు. నేను వేళ్ళు మడిచి లెక్కగట్టి, పిల్లలకు వినబడేలా "864 కోట్ల ఏళ్ళర్రా" అన్నాను.

వరండాలో కుర్చీ కిర్రుమంది. నాన్నగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"పగలు 432, రాత్రి 432. రోజూ సంకల్పంలో శ్వేతవరాహ కల్పం అంటామే, కల్పమంటే ఆ పగలే. ఆ అబ్బాయికి ఎవరు చెప్పార్రా?"

నెలల తరబడి ఆయన నోట అంత పెద్ద మాట వినలేదు. పురాణాల్లో ఉన్నదంతా సైన్సేనని నేను వాదించను. ఆధునిక లెక్కలతో ఆ పోలిక యాదృచ్ఛికమేనని సేగన్ కూడా అన్నాడు. ఆ సంగతి నాన్నగారికి నేను తర్జుమా చేయలేదు. మిగిలిన మూడు భాగాలకూ ఆయన కుర్చీ హాల్లోనే ఉంది. యాంటెన్నా తిప్పడానికి నన్ను మేడమీదికి తరిమేవారు కూడా.

సేగన్ 1996 డిసెంబరు 20న, 62 ఏళ్ళకే పోయాడు. అప్పటికి నాన్నగారు లేరు. పేపర్లో ఆ వార్త చదివిన రాత్రి పాత నోటుబుక్కు వెదికి తీశాను. పదో భాగం పేజీలో నా గిలుకుడు రాత కింద కరణంగారి గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. ఎప్పుడు రాశారో నేను చూడలేదు.

"432, 432. వెరసి 864. సరిపోయినది."

పక్కనే పొడి సంతకం, తేదీ.