డిస్కుల నుంచి చందాకు
రాజాంలో పెళ్లి ఆల్బమ్ చేసే స్టూడియోకు ఫొటోషాప్ తెలియనిది కాదు. పెళ్లికూతురి ముఖంమీది నీడ తీయాలన్నా, వెనక వెలిసిపోయిన షామియానా మార్చాలన్నా అదే దిక్కు.

ఒకప్పుడు దాని కొత్త వెర్షన్ సుమారు ఏడాదిన్నర, రెండేళ్లకోసారి వచ్చేది. ఒక సౌకర్యం ముందే సిద్ధమైనా విడుదల తేదీదాకా ఆగాల్సిందే. ఆ తేదీకి అందకపోతే మళ్లీ అంతకాలం నిరీక్షణ! అందుకే ఏది చేర్చాలి, ఏది వాయిదా వేయాలి అన్నదే అసలు చిక్కు.

హైదరాబాద్‌లో పుట్టిన శంతను నారాయణ్ సారథ్యంలో ఫొటోషాప్ తయారీ సంస్థ అడోబీ 2012లో చందా పద్ధతిలో క్రియేటివ్ క్లౌడ్ తెచ్చింది. 2013 మేలో పాత పద్ధతి వెర్షన్లకు స్వస్తి చెప్పింది. సిద్ధమైన మార్పులు సిద్ధమైనట్టే ఇంటర్నెట్‌లో పంపసాగింది.

నెలనెలా చందా అనేసరికి చిన్న స్టూడియోలు ఉలిక్కిపడ్డాయి, న్యాయంగానే. అదే ఏడాది ఫొటోగ్రాఫర్ల కోసం ఫొటోషాప్, ఫొటోలు సర్ది దిద్దే లైట్‌రూమ్ కలిపి నెలకు 10 డాలర్లలోపు పథకం వచ్చింది.