‘లేదు’ అన్న బాణం ఎటు పోతుంది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ నేర్చుకున్న మా బృందం తరఫున నాలుగు మాటలు చెబుతాం. పవర్‌పాయింట్ అంటే మీటింగుల్లో ఆఫీసర్లు తెర మీద చూపించేదే కదా, మనకెందుకు అని కొందరు అడిగారు. మనకే ఎక్కువ అవసరమండీ. మన బ్యాంకు లింకేజీ అప్పు ఏ దారిన వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో చాలామందికి తెలియదు. సంతకం పెట్టమన్నచోట పెడతాం, రేపు రమ్మంటే వెళ్తాం. ఆ దారిని ఒకే కాగితం మీద బొమ్మగా గీస్తే దాన్ని ఫ్లోచార్ట్ అంటారు.

ఇది కొత్త సంగతేం కాదు. 1921లో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే దంపతులు పని జరిగే తీరును గుర్తులతో గీసి, అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. తర్వాతి రోజుల్లో లిలియన్ గారు వంటింట్లో ఆడవాళ్ల అడుగులు ఎలా తగ్గించాలో కూడా ఇలాగే పరిశీలించారు. బ్యాంకు చుట్టూ మనం వేసే అడుగుల సంగతి చూసుకోవాల్సింది మనమే.

గుర్తుపెట్టుకోవాల్సిన ఆకారాలు మూడే. రెండు చివరలూ గుండ్రంగా మాత్రలా ఉన్నది మొదలుకీ ముగింపుకీ. నలుచదరపు పెట్టె చేయాల్సిన పనికి. గాలిపటంలా ఉన్నది ప్రశ్నకి. చదువు రాని అక్క కూడా గాలిపటం చూడగానే “ఇక్కడ ఏదో అడుగుతున్నారు” అని పట్టేస్తుంది.

మన అప్పు దారి ఇలా గీశాం. మొదట మాత్ర: సమావేశంలో అప్పు అవసరం చెప్పుకోవడం. తర్వాత పెట్టె: తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టడం. ఆ కింద గాలిపటం: పంచసూత్రాలు పాటిస్తున్నామా? అంటే క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, ఎప్పటికప్పుడు రాసిన పుస్తకాలు. అవునంటే బాణం కిందికి, దరఖాస్తు బ్యాంకుకు. అక్కడ ఇంకో గాలిపటం: మంజూరైందా? అయితే సంఘం ఖాతాలో జమ, తర్వాత వాయిదాలు.

ఇప్పుడు గీయడం. ఖాళీ స్లైడ్ తీసుకుని ఇన్సర్ట్‌లో షేప్స్ నొక్కితే, కిందికి ఫ్లోచార్ట్ ఆకారాలుంటాయి. ఒకదాన్ని నొక్కి స్లైడ్ మీద లాగి, అందులోనే మాటలు టైపు చేయాలి. అలాంటిదే ఇంకొకటి కావాలంటే కంట్రోల్, డి కలిపి నొక్కండి. బాణాలకు అదే షేప్స్‌లో పైన లైన్స్ వరుస ఉంది. అందులో మెలిక తిరిగే బాణం, ఎల్బో ఏరో కనెక్టర్, తీసుకోండి. ఆకారం అంచు దగ్గరికి వెళ్తే చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఒక చుక్క దగ్గర మొదలెట్టి, రెండో ఆకారం చుక్క మీద వదలాలి. అలా అతికితే, పెట్టెను జరిపినప్పుడు బాణం కూడా వెంట వస్తుంది. చుక్కకు తగలకుండా వదిలితే పెట్టె ఒకచోట, బాణం ఒకచోట. చివరికి షిఫ్ట్ పట్టుకుని అన్నిటినీ ఎంచుకుని ఎరేంజ్‌లో ఎలైన్ వాడితే వరుస కుదురుతుంది. ఫోన్లకు పంపేముందు పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలు చెదరవు.

అసలు మాట ఇప్పుడు చెబుతాం. గాలిపటం నుంచి రెండు బాణాలు బయటికి రావాలి. ‘అవును’ బాణం అందరూ గీస్తారు. ‘లేదు’ బాణం గీయబోతేనే చెయ్యి ఆగుతుంది, ఎందుకంటే మంజూరు కాకపోతే ఏం చేయాలో మనకెవరూ చెప్పలేదు. అందుకే ఆ బాణం చివర ఒక పెట్టె పెట్టాం: “కారణం కాగితం మీద అడగాలి, గ్రామ సమాఖ్యలో చెప్పాలి.” అక్కడి నుంచి సరిచేసుకోవాల్సిన చోటికి బాణం తిరిగి వెళ్తుంది. దారి మూసుకుపోదు.

ఆ పెట్టె పక్కనే రెండు నిబంధనలు కూడా రాశాం. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ కింద రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, సంఘానికి 20 లక్షల రూపాయల వరకు అప్పుకు హామీ ఆస్తి అడగకూడదు. మన పొదుపు ఖాతాలో డబ్బు కదలకుండా ఆపకూడదు, డిపాజిట్ చేయమని పట్టుబట్టకూడదు. ఇది గోడ మీద కనబడుతుంటే అడగడానికి నోరు లేస్తుంది.

అక్కల్లారా, ప్రతి గ్రామ సమాఖ్య తన గోడకు ఈ బొమ్మ ఒకటి అంటించాలని కోరుతున్నాం. కంప్యూటర్ లేకపోతే చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీయండి, ఆకారాలు అవే. అప్పే కాదు, పింఛను, బీమా, ఏ పనైనా ఇలాగే గీయొచ్చు. గీసిన తర్వాత సంఘంలో అందరికంటే తక్కువ మాట్లాడే అక్క చేతికి ఇచ్చి, వేలు పెట్టి దారి చెప్పమనండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ ఒక పెట్టె తక్కువైందన్నమాట. అది చేర్చండి.