ఆకులు రాల్చే క్రిస్మస్ చెట్టు: లార్చ్ కథ

ఈరోజు మనం మాట్లాడుకునేది ఒక చెట్టు గురించి. "చెట్టా? స్కిప్" అనకండి బ్రో, లాస్ట్ వరకూ ఉండండి.

సూది ఆకుల చెట్టు అనగానే మనకి గుర్తొచ్చేది క్రిస్మస్ చెట్టు. మంచు పడినా పచ్చగానే ఉంటుంది. లార్చ్ కూడా పైన్ కుటుంబమే. కానీ చలి మొదలవగానే దీని సూదులన్నీ బంగారం రంగుకి తిరిగి రాలిపోతాయి. జనవరిలో ఫోటో చూస్తే ఎండిపోయింది అనుకుంటారు. ఎండిపోలేదు, షట్‌డౌన్‌లో ఉంది. ఎందుకంటే నేల గడ్డకట్టాక వేళ్లకి నీళ్లు అందవు, ఆకులుంటే మాత్రం ఉన్న నీళ్లు ఆవిరైపోతూనే ఉంటాయి. జీతం ఆగిపోయి ఈఎంఐలు నడుస్తున్నట్టు. అందుకే ఖర్చునే తీసేసింది. రష్యన్‌లో దీన్ని లిస్త్వెన్నిత్స అంటారు. ఆకు అనే మాటలోంచి పుట్టిన పేరే అది.

రకాలు సుమారు పది. ఆల్ప్స్‌లో యూరప్ లార్చ్, జపాన్‌లో ఒకటి, ఉత్తర అమెరికా బురద నేలల్లో టామరాక్, సైబీరియాలో రెండు ముఖ్యమైనవి. మన దేశంలో కూడా ఉంది! హిమాలయ లార్చ్, సిక్కిం, అరుణాచల్ కొండల్లో. లాచుంగ్ వైపు ట్రిప్ వేసేవాళ్లు పచ్చటి చెట్ల మధ్య పసుపు రంగు చెట్లు కనిపిస్తే ఆగి చూడండి.

కలప సంగతి. లోపలి చేవలో జిగురు బాగా ఉంటుంది, అందుకే వానకీ తేమకీ తొందరగా పుచ్చదు. ఆల్ప్స్ ఊళ్లలో పెంకుల బదులు లార్చ్ చెక్క పలకలతో ఇళ్లు కప్పుతారు. స్కాట్లాండ్‌లో చేపల పడవలకి వాడారు. వెనిస్ టర్పెంటైన్ అని పెయింటింగ్ వేసేవాళ్లు వాడేది కూడా ఈ చెట్టు జిగురే. టామరాక్ వేళ్లతో అక్కడి ఆదివాసులు బిర్చ్ బెరడు పడవలు కుట్టుకునేవాళ్లు. వేళ్లతో కుట్టడం! నాకైతే అన్నిటికన్నా అదే నచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. తూర్పు సైబీరియాలో యాకుతియా. అక్కడ వెర్ఖోయాన్స్క్ అనే ఊళ్లో చలికాలం టెంపరేచర్ మైనస్ 67 దాకా పడిపోయింది. కింద నేల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది, దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. వాన చాలా తక్కువ. మన దగ్గర వాయుగుండం పట్టిన రెండు మూడు రోజుల్లో పడేంత వాన వాళ్లకి ఏడాది మొత్తానికి. మరి అంత పెద్ద అడవి ఎలా బతుకుతోంది?

వేసవిలో పర్మాఫ్రాస్ట్ పైపొర కొంచెం కరుగుతుంది. ఆ నీళ్లు కిందకి ఇంకవు, కింద మంచు కదా. లార్చ్ వేళ్లు లోతుకి పోకుండా ఆ పైపొరలోనే పరుచుకుని తాగుతాయి. చెట్ల నీడ, కింద నాచు కలిసి ఎండ తగలకుండా మంచుని కాపాడతాయి. అంటే మంచు చెట్టుని బతికిస్తుంది, చెట్టు మంచుని బతికిస్తుంది. కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం. ఒకటి పోతే రెండోదీ పోతుంది.

ఇది థియరీ కాదు. అదే ప్రాంతంలో బతగాయ్ అనే ఊరి దగ్గర 1960ల్లో కొంత అడవి కొట్టేశారు. నీడ పోయింది, మంచు కరిగింది, నేల కుంగడం మొదలైంది. ఇప్పుడక్కడ సుమారు కిలోమీటరు పొడవున్న గొయ్యి ఉంది, పేరు బతగాయ్కా. ఇంకా పెరుగుతూనే ఉంది. 2018లో అందులో ఒక గుర్రప్పిల్ల శరీరం దొరికింది, వయసు దాదాపు 42,000 ఏళ్లు. చర్మం, వెంట్రుకలతో సహా! అన్నేళ్లు చెడకుండా ఉన్నది ఇప్పుడు బయటపడుతోందంటే, దాంతోపాటు మట్టిలో నిల్వ ఉన్న కార్బన్ కూడా కుళ్లి కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌గా గాల్లోకి పోతోందని అర్థం.

2020 జూన్ 20న ఇందాకటి వెర్ఖోయాన్స్క్‌లోనే 38 డిగ్రీలు కొట్టింది. మరుసటి ఏడాది వేసవిలో యాకుతియాలో లక్షల హెక్టార్ల అడవి కాలిపోయింది. మంటలు లార్చ్‌కి కొత్త కాదు, కాలిన నేలలోనే దాని విత్తనం బాగా మొలుస్తుంది. కానీ ఆ మొక్క పెద్దదై నీడ ఇవ్వాలంటే దశాబ్దాలు పడుతుంది. ఈలోపు మళ్లీ మంట వస్తే కింద మంచుకి కాపలా ఎవరూ ఉండరు.

బతగాయ్కా శాటిలైట్ ఫోటోలు మ్యాప్స్‌లోనే దొరుకుతాయి, పేరు కొట్టి జూమ్ చేయండి. అడవి మధ్యలో తోకకప్ప ఆకారంలో కనిపిస్తుంది. చూశాక కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.