తొలి సెకనులో ర్యామ్ లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చేసే పనేమిటో అందరికీ అర్థమయ్యేలా చెప్పమని సంఘం కార్యవర్గం అడిగింది. నాది ఆపరేటింగ్ సిస్టంలో కెర్నల్ అనే లోపలి భాగం మీద పని. అందులోనుంచి ఒక చిన్న సంగతి మాత్రమే ఈరోజు చెబుతాను. అది మన ఊరికి చాలా దగ్గరి సంగతి.

మన సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ ఉంది. 2015లో అక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షావోమి ఫోన్ల తయారీ మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేసిన రెడ్‌మి 2 ప్రైమ్ ఇక్కడ తయారైన ఫోనే. మన చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు ఎంతోమంది ఆ పనికి బస్సెక్కి వెళ్లారు. ఆ ఫోన్లలో నడిచేది ఆండ్రాయిడ్. ఆండ్రాయిడ్ అడుగున ఉండేది లినక్స్ కెర్నల్. ఫోన్ బటన్ నొక్కగానే, తెర మీద ఇంకా ఏమీ రాకముందే, ఆ కెర్నల్ ఒక చిక్కుముడి విప్పుకోవాలి. నేను చెప్పబోయేది ఆ చిక్కుముడి గురించే.

ర్యామ్‌ను కెర్నల్ సాధారణంగా 4 కిలోబైట్ల ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కను పేజీ అంటారు. 2 జీబీ ర్యామ్ అంటే 5,24,288 పేజీలు. 8 జీబీ అయితే 20,97,152 పేజీలు. ఏ పేజీ ఖాళీగా ఉంది, ఏది ఎవరి చేతిలో ఉంది అన్న లెక్క చూసే అధికారి ఒకరుంటారు. ఆ పద్ధతి పేరు బడ్డీ అలొకేటర్. పెద్ద ముక్కను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి కోసి ఇవ్వడం, తిరిగి వచ్చినప్పుడు జంట ముక్కలను అతికించి పెద్దది చేయడం దాని పని. 1965లో కెన్నెత్ నోల్టన్ ప్రచురించిన పద్ధతి ఇది. నేటికీ నడుస్తోంది.

అయితే ఆ అధికారి పని మొదలుపెట్టాలంటే ఒక రిజిస్టరు కావాలి. ఒక్కో పేజీకి ఒక్కో పద్దు ఉండాలి. 64 బిట్ యంత్రాల్లో ఆ పద్దు సాధారణంగా 64 బైట్లు. 8 జీబీకి లెక్కగడితే రిజిస్టరు ఒక్కటే 128 మెగాబైట్లు. అంటే ప్రతి 64 పేజీలకూ ఒక పేజీ లెక్కలకే పోతుంది. ఆ 128 మెగాబైట్లు ఎక్కడ పెట్టాలి? ర్యామ్‌లోనే. ర్యామ్‌లో చోటు ఇచ్చేదెవరు? ఆ అధికారే. ఆయనకింకా రిజిస్టరే లేదు! చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుంది కదూ వ్యవహారం.

దీన్ని మన బడి భాషలో చెప్పుకుందాం. ఒక ఊళ్లో కొత్త బడి కట్టారు. గదులున్నాయి. ఆఫీసు లేదు, గుమస్తా లేడు, బీరువా లేదు. ఏ గది ఎవరికివ్వాలన్నా రిజిస్టరులో రాయాలి. రిజిస్టరు పెట్టుకోవడానికి ముందు ఒక గది ఇవ్వాలి. అప్పుడు మొదట వచ్చిన అయ్యవారు ఏం చేస్తారు? జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రెండు జాబితాలు రాసుకుంటారు. మొదటిది, ఉన్న గదులు ఎన్ని, ఎక్కడినుంచి ఎక్కడిదాకా. రెండోది, ముట్టుకోకూడని గదులు ఏవి: ఒకదాంట్లో బియ్యం మూటలున్నాయి, ఇంకోదాంట్లో మేస్త్రీ సామాను ఉంది. ఎవరైనా వచ్చి గది అడిగితే మొదటి జాబితాలో ఉండి రెండో జాబితాలో లేనిది చూసి ఇస్తారు. ఇచ్చిన వెంటనే దాన్ని రెండో జాబితాలో చేరుస్తారు. అంతే పద్ధతి.

లినక్స్‌లో ఆ అయ్యవారి పేరు మెమ్‌బ్లాక్. ఆయనకూ రెండే జాబితాలు: ఉన్న జ్ఞాపకశక్తి, కేటాయించేసిన జ్ఞాపకశక్తి. ఒక్కో దానిలో మొదట 128 వరుసలకు చోటుంటుంది. ఆ చోటు కెర్నల్ తనతోపాటే మోసుకొస్తుంది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. వరుసలు చాలకపోతే, తన పద్ధతిలోనే తనకు రెట్టింపు జాబితా కేటాయించుకోగలదు.

ఇంతకుముందు వేరే పద్ధతి ఉండేది. దాని పేరు బూట్‌మెమ్. పేజీకి ఒక బిట్ చొప్పున పెద్ద పట్టిక వేసుకునేది. 8 జీబీకి ఆ పట్టిక 256 కిలోబైట్లు. ఆ పట్టికకు మళ్లీ ముందుగా ఎక్కడో చోటు వెతకాలి! పవర్‌పీసీ యంత్రాల కోసం రాసిన జాబితాల పద్ధతి 2010లో మెమ్‌బ్లాక్ అన్న పేరుతో మిగతా యంత్రాలకూ వచ్చింది. 2018 డిసెంబరులో వచ్చిన లినక్స్ 4.20తో బూట్‌మెమ్‌ను పూర్తిగా తీసేశారు. రెండు జాబితాల చిన్న పుస్తకమే నిలిచింది.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. ర్యామ్ ఎంత ఉందో కెర్నల్‌కు తనంతట తెలియదు. కంప్యూటర్‌లో అయితే బయోస్ చెబుతుంది. ఫోన్‌లో అయితే బూట్‌లోడర్ ఇచ్చే డివైస్ ట్రీ అనే పట్టీ చెబుతుంది. ముట్టుకోకూడనివి చాలా ఉంటాయి: కెర్నల్ తాను కూర్చున్న చోటు, ఆ పట్టీ ఉన్న చోటు, సిగ్నల్ చూసే మోడెంకు విడిగా ఉంచిన భాగం. వీటిలో ఒక్కటి రెండో జాబితాలో రాయడం మరిచిపోతే అప్పటికప్పుడు ఏమీ జరగదు. ఆ చోటును ఖాళీ అనుకుని ఇంకెవరికో ఇచ్చేస్తారు. వాళ్లు దాని మీద రాసేస్తారు. ఎప్పుడో, ఇంకెక్కడో, సంబంధం లేని పని చేస్తుండగా యంత్రం ఆగిపోతుంది. తప్పు జరిగిన చోటు వేరు, బయటపడిన చోటు వేరు. అందుకే మా పనిలో మొదటి జాబితాల దగ్గర ఎంత జాగ్రత్త పడితే అంత మేలు.

రిజిస్టరు సిద్ధమయ్యాక మెమ్‌బ్లాక్ మిగిలిన ఖాళీ పేజీలన్నీ బడ్డీ అలొకేటర్‌కు అప్పగిస్తుంది. అక్కడితో దాని ఉద్యోగం ముగిసినట్టే. మొదలుపెట్టడానికి మాత్రమే పనికొచ్చిన కోడ్ ఉన్న చోటును కూడా కెర్నల్ తర్వాత ఖాళీ చేసి వాడుకుంటుంది. ఫోన్లలో ఉండే 64 బిట్ ఆర్మ్ యంత్రాల్లో మాత్రం ఆ జాబితాలను పారేయకుండా పటంలా దాచుకుంటారు. 8 జీబీ అని అట్టపెట్టె మీద రాసి, ఫోన్ లోపల చూస్తే అంతకన్నా తక్కువ చూపించడానికి కారణం మోసం కాదు. రిజిస్టరుకు, మోడెంకు, మిగతావాటికి ఇలా మొదటే పోయిన భాగం అది.

ఇప్పుడు అసలు మాట. మన పిల్లలు ఫోన్‌కు స్క్రూలు బిగించగలరు, పరీక్షించగలరు, అట్టపెట్టెలో పెట్టగలరు. అది గౌరవమైన పని, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించిన పని. కానీ ఆ ఫోన్ కళ్లు తెరిచే తొలి సెకనులో ఏం జరుగుతుందో తెలుసుకునే హక్కు కూడా వాళ్లకుంది. లినక్స్ మూలం మొత్తం ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మెమ్‌బ్లాక్ కోడ్ ఒక్క ఫైలు. చదవడానికి ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు. తెలుగు ఇంటి పిల్లయినా, తమిళం ఇంటి పిల్లవాడైనా, మన బడిలో చెప్పే లెక్కలు చాలు: రెండుతో గుణించడం, జాబితాలోంచి తీసివేయడం.

అందుకని సంఘానికి ఒక్కటే విన్నపం. బడికి ఇచ్చే కంప్యూటర్లలో ఒక్కదాంట్లోనైనా లినక్స్ వేయించండి. అది మొదలయ్యేటప్పుడు కెర్నల్ రాసుకునే చిట్టాను డీమెసెజ్ అనే ఆదేశంతో చూడవచ్చు. అందులో మొత్తం ర్యామ్ ఎంత, వాడకానికి ఎంత మిగిలింది అని ఒక వరుస ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఆ రెండంకెలనూ తీసివేయించండి. తేడా ఎటుపోయిందని అడగండి. జవాబు ఉపాధ్యాయులకు వెంటనే తెలియనక్కర్లేదు, పిల్లలతో కలిసి వెతికితే చాలు. వారానికో గంట ఆ పిల్లలతో ఫోన్‌లో మాట్లాడడానికి నేను సిద్ధం. నాలాంటి వాళ్లు ఈ సభలో ఇంకో పదిమంది ఉన్నారని నాకు తెలుసు. వారంతా ఈ సాయంత్రమే కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వాలని కోరుతున్నాను.