రచయిత పేరు దగ్గర మన పేరు

(బోయిగూడలో యువతీయువకులను ఉద్దేశించి గిరిజన వసతి గృహ సంక్షేమాధికారిణి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఒక్క పని గురించే మాట్లాడతాను. అది లైబ్రరీల డేటాబేసుల్లో మన రచయితలను వెతకడం. మీలో చాలామంది గ్రూప్స్ పుస్తకాల కోసం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పోతారు. పోటీ పరీక్షల దగ్గరే ఆగిపోతారు. కొంచెం ముందుకు పోండి.

డేటాబేస్ అంటే భయపడే వస్తువు కాదు. మన హాజరు రిజిస్టర్‌లో గడులున్నట్టే దానిలోనూ ఉంటాయి. రచయిత, పుస్తకం పేరు, సంవత్సరం, విషయం. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగు కథలకైతే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. దాని వెబ్‌సైట్‌లో రచయిత పేరుతోనో కథ పేరుతోనో వెతకొచ్చు.

వెతికేటప్పుడు ఒక్క మాటతో ఆగకండి. 'బంజారా' అని కొట్టాక 'లంబాడీ', 'సుగాలీ' అని కూడా కొట్టండి. 'ఆదివాసీ' తర్వాత 'గిరిజన' చూడండి. చాలా పాత పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు కాబట్టి స్పెల్లింగ్ మార్చి మార్చి చూడాలి. మనల్ని ఒక్కో కాలంలో ఒక్కో పేరుతో రాశారు. ఆ పేరు తెలియకపోతే ఆ పుస్తకం దొరకదు.

ఇట్లా వెతికితే మీకే ఒక సంగతి తెలిసొస్తుంది. 'విషయం' గడిలో మనం చాలాచోట్ల ఉంటాం. 'రచయిత' గడిలో తక్కువ. హైమన్‌డార్ఫ్ గారు చెంచుల మీద 1943లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు తెచ్చారు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. మార్లవాయి ఆయనను ఇప్పటికీ తలుచుకుంటుంది, అది న్యాయమే. కానీ ఆ పురాణ కథలను తరతరాలుగా పాడి నిలబెట్టింది మన ప్రధాన్లు. రచయిత గడిలో వాళ్ల పేరు లేదు.

ఇప్పుడు రోజులు మారుతున్నాయి. 'శిలకోల' కథలు రాసిన మల్లిపురం జగదీశ్ పేరు కొట్టి చూడండి. రమేశ్ కార్తీక్ నాయక్ పేరు కొట్టండి. తండా బతుకు మీద రాసిన 'ధావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఒక కథ దొరికితే చదివి ఊరుకోకండి. అదే పత్రికలో ఇంకెవరు రాశారో చూడండి. 'ఇందులో మా ఊరి సంగతి ఏది రాలేదు?' అని అడుగుకోండి. మీ కథ అక్కడే మొదలవుతుంది. తర్వాత మీ గూడెం పేరు, మీ జాతర పేరు కొట్టండి. ఏమీ రాకపోతే చిన్నబుచ్చుకోవద్దు. దాన్ని రాయాల్సింది మీరేనన్నమాట.

వచ్చే సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చోండి. ఆమెను అడిగి, ఒప్పుకున్నాకే ఒక కథ రాసుకోండి. ముందు మన భాషలో, దాని కింద తెలుగులో. గోండి వచ్చినవాళ్లు గుంజాల లిపిలోనే రాయొచ్చు, అది 2018లో యూనికోడ్‌లో చేరింది. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ మాత్రం తప్పకుండా ఉండాలి. బాగా దిద్దుకుని పత్రికకు పంపండి. పుస్తకమైతే ఒక ప్రతి లైబ్రరీకి ఇవ్వండి.

రేపు మన తండా నుంచో గూడెం నుంచో వచ్చిన ఒక చెల్లె వెతికితే, అవ్వ పేరు, మీ పేరు రెండూ దొరకాలి. ఆ పని మీ చేతుల్లో ఉంది.